స్టాంపుల లాటు కొన్నారా? కవరు వెనక్కి తిప్పి చూడండి

సేకరణ కోసం విడి స్టాంపు కొనాలంటే మనకేం కావాలో ముందే తెలిసుండాలి. ఫలానా ఏడాది, ఫలానా బొమ్మ అని అడిగి తెచ్చుకుంటాం. కలగలుపు లాటు, అంటే రకరకాల స్టాంపులు కలిపేసిన కుప్ప, దాని సంగతి వేరు. దాన్ని తూకం వేసి అమ్ముతారు: 100 గ్రాములు, పావుకిలో, కిలో. కవరు ముక్కతో సహా ఉంటే ఆన్ పేపర్ అంటారు, నానబెట్టి ఊడదీసినవైతే ఆఫ్ పేపర్. ఊడదీసినవి చిన్నాపెద్దా కలిపి 100 గ్రాములకి సుమారు వెయ్యి దాకా తూగుతాయి. కాగితంతో ఉన్నవైతే, చుట్టూ ఎంత కాగితం వదిలారన్నదాన్ని బట్టి అందులో సగమూ రావచ్చు, పావువంతూ రావచ్చు. లోపల ఏముందో తమకీ తెలీదని అమ్మేవాళ్ళు అంటుంటారు. ఆ మాట నేను నమ్మను.

నేను పాలకొల్లులో ఇంటి దగ్గరే హైస్కూలు పిల్లలకి ట్యూషన్లు చెప్తాను. స్టాంపుల పిచ్చి నాకు చిన్నప్పటిదేం కాదు, పిల్లలకి దేశాల పేర్లు నేర్పడానికి పనికొస్తాయని మొదలుపెట్టింది. అందుకే ముందు ఆన్‌లైన్లో ప్రపంచ దేశాల మిక్స్ తెప్పించాను. ప్యాకెట్ మీద ‘ఎవరి చెయ్యీ పడని సరుకు’ అన్న అర్థం వచ్చేలా రాసి ఉంది. విప్పి బల్ల మీద పోస్తే ఎన్ని చేతులు పడ్డాయో ఇట్టే తెలిసిపోయింది. భీమవరం వైపు రొయ్యల షెడ్లు చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు: పెద్ద సైజు సరుకు ఐసు పెట్టెల్లో ఎక్స్‌పోర్టుకి పోయాక మిగిలింది కదా ఊళ్ళో బజారుకి వచ్చేది.

ఏరేసిన లాటుకి కొన్ని ఆనవాళ్ళుంటాయి. పెద్ద స్టాంపులుండవు, ఎక్కువ రేటువి ఉండవు, ఒకే రకం చిన్న స్టాంపులు గుట్టగా ఉంటాయి. నా ప్యాకెట్లో ఆ గుట్ట బ్రిటన్ రాణిది. బ్రిటన్ స్టాంపు మీద దేశం పేరుండదు. 1840లో పెన్నీ బ్లాక్‌తో ప్రపంచంలో మొదటిసారి స్టాంపు వేసింది వాళ్ళే, అప్పుడు పేరు అవసరం పడలేదు, ఇప్పటికీ వెయ్యరు. రాజో రాణో, ఆ తల ఉంటే చాలు. ఆర్నాల్డ్ మేచిన్ అనే శిల్పి మలిచిన రాణి తలని 1967లో మొదలుపెట్టి, రంగులూ రేట్లూ మారుస్తూ ఆవిడ పోయేదాకా అదే వేసుకొచ్చారు. ఈ మేచిన్ల మీదే జీవితం గడిపే సేకరణదారులున్నారు. వాళ్ళకి నా దండం. నాకు మాత్రం డబ్బా నిండా ఒకే ఆవిడ.

ఇంకో ఆనవాలు వెనక ఉంటుంది. ముందు పక్క మూలన చక్కగా, ఎక్కడా చెదరని ముద్ర. తిప్పి చూస్తే జిగురు చెక్కుచెదరకుండా ఉంటుంది. అంటే అది ఏ కవరుకీ అంటుకోలేదు, ఏ ఊరికీ వెళ్ళలేదు. సేకరణదారులకి చౌకగా అమ్మడానికి షీట్లు షీట్లుగా ముందే ముద్ర కొట్టేసినవన్నమాట. సి.టి.ఓ. (క్యాన్సెల్డ్ టు ఆర్డర్) అంటారు. ఒకప్పటి తూర్పు యూరప్ దేశాలవీ, 1971 చివర్లో యు.ఎ.ఈ. ఏర్పడక ముందు అజ్మాన్, ఫుజైరా లాంటి చిన్న ఎమిరేట్ల పేరుతో వచ్చినవీ ఇలాంటివి కుప్పలు. రంగురంగుల సీతాకోకచిలకలు, కార్లు, రాకెట్లు. పిల్లలు ఎగబడతారు. చేత్తో రాసిన అడ్రసు పక్కన కూర్చున్న స్టాంపుకున్న రుచి నాకు వాటిలో దొరకదు.

అలాగని ఆ డబ్బు దండగ అనను. హెల్వేషియా అంటే స్విట్జర్లాండ్, మగ్యార్ అంటే హంగరీ, సువోమి అంటే ఫిన్లాండ్, హెల్లాస్ అంటే గ్రీసు అని మా పిల్లలకి అట్లాసు చెప్పలేనిది ఆ ప్యాకెట్ చెప్పింది. ఏడో తరగతి పిల్లాడొకడు ‘నిప్పన్’ చూసి పెన్ను కంపెనీ అనుకున్నాడు. అది జపాన్ అని తెలిశాక ఇక మర్చిపోడు. ఆ పనికి ఆ ప్యాకెట్ చాలు. వెతకడంలో ఉండే సరదా కావాలంటే మాత్రం, స్టాంపులమ్మేవాళ్ళ చెయ్యి ఎప్పుడూ తగలని కాగితాలు కావాలి. అవి ఎక్కడుంటాయి? పాతపేపర్ల కొట్లోనూ, పాత వ్యాపారుల అటకల మీదా.

పాతపేపర్ల కొట్టాయనతో బేరం మొదట్లో బాగానే నడిచింది. ఉత్తరాల కట్టలొస్తే పక్కన పెట్టమన్నాను, పెట్టాడు. రెండు మూడు కట్టలు కొన్నాక ఆయనకి అనుమానం వచ్చింది.

“మేడంగారూ, ఈ చిత్తుకాగితాల కోసం మీరు ఇన్నిసార్లు తిరుగుతున్నారంటే ఇందులో ఏదో ఉందండీ. న్యూస్‌పేపరు రేటుకి ఇక ఇవ్వనండి, ఆయ్!”

రేటు పెంచాడు, ఇచ్చాను. ఆ కట్టల్లో ఎక్కువగా ఉండేవి ఆఫీసుల కాగితాలు, అంటే మూడు సింహాల బొమ్మతో ‘సర్వీస్’ అని ఉండే ప్రభుత్వ స్టాంపులు. ఒక్కో రకం వందల్లో వచ్చింది. వాటిని ఇష్టపడి సేకరించేవాళ్ళు సేకరిస్తారు, నాకు బోరు.

అసలు లాటు అంబాజీపేటలో దొరికింది. ట్యూషన్‌కొచ్చే అమ్మాయి తాతయ్యగారిది అక్కడ కొబ్బరి కమీషన్ వ్యాపారం. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ సంగతి కోనసీమలో అందరికీ తెలిసిందే. ఇక్కడి కాయ ఉత్తరాదికంతా పోతుంది. ఫోన్లు ఇంటింటికీ రాని రోజుల్లో ఆ వ్యాపారమంతా ఉత్తరాలూ టెలిగ్రాములే. కొట్టు మరమ్మతు చేయిస్తూ అటక దింపిస్తున్నారని ఆ అమ్మాయి చెప్తే, చించినాడ వంతెన దాటి, రాజోలు మీదుగా వెళ్ళి వాలాను.

పాత కొట్లలో ఉత్తరాలు దాచే పద్ధతి ఒకటుండేది. గోడకి వేలాడే ఇనుప తీగ, కింద చెక్క బిళ్ళ. వచ్చిన ఉత్తరాన్ని చదివి, జవాబు రాసి, ఆ తీగకి గుచ్చేసేవారు. తీగ నిండితే ఇంకో తీగ. అలాంటివి దొంతరగా పేర్చి ఉన్నాయి. తీగ గుచ్చింది కాబట్టి ప్రతి కవరుకీ చిల్లు ఉంటుంది. అదృష్టం బాగుంటే చిల్లు అడ్రసు మీద పడుతుంది, లేకపోతే స్టాంపు మీద. తీగ తుప్పు చిల్లు చుట్టూ గోధుమరంగు మరకగా దిగి ఉంటుంది.

తాతయ్యగారు కుర్చీలోంచి అడిగారు. “అమ్మాయ్, ఉత్తరాలు చదువుతావా?”

“చదవనండి బాబయ్యగారూ. కవర్లు తీసుకుని లోపలి కాగితాలు మీకే ఇచ్చేస్తాను.”

“చదివితే చదువు గానీ, మాకు రావలసిన బాకీలేమన్నా కనిపిస్తే చెప్పు!”

డబ్బు తీసుకోలేదాయన. ఉచితంగా తెచ్చుకోవడం నాకు ఇష్టం లేక, వాళ్ళ మనవరాలి ఫీజు దగ్గర సర్దుకున్నాం.

ఇంటికొచ్చి కత్తెర తీశాక ఆగాను. స్టాంపు చుట్టూ వేలెడు కాగితం వదిలి కత్తిరించి, మిగతాది పారేయడం మామూలు పద్ధతి. ఒక కవరు అనుకోకుండా బోర్లా పడి ఉంది. వెనక గుండ్రటి ముద్ర: అంబాజీపేట, తేదీతో సహా. అప్పుడు తట్టింది. ఇవన్నీ ఆయనకి బయటి నుంచి వచ్చిన ఉత్తరాలు. ముందు పక్క స్టాంపు మీద పడే ముద్ర కాన్పూరుదో, నాగపూరుదో, ఇండోరుదో అవుతుంది. మన ఊరి ముద్ర వెనక పడుతుంది, చేరినరోజు మన పోస్టాఫీసులో కొట్టింది. స్టాంపు కోసం కత్తిరించామా, మన ఊరు చెత్తబుట్టలోకి పోతుంది. మార్కెట్లో తూకానికి అమ్మే లాట్లన్నీ అలా కత్తిరించినవే. అందుకే డెల్టా పోస్టాఫీసుల ముద్రలు లాట్లలో చూద్దామన్నా కనిపించవు. మన ఊళ్ళ నుంచి బయటికెళ్ళిన కవర్ల ముందు పక్కన ఉంటాయి నిజమే, కానీ ఆ కవర్లు ఏ కాన్పూరు అటక మీదో ఉంటాయి.

అప్పటి నుంచీ నా వరస మారింది. కొన్న ప్రతి లాటునీ ముందు రెండుగా చేస్తాను: నానబెట్టేవి, కత్తెర తగలకూడనివి. స్టాంపు ఎంత మామూలుదైనా సరే, ముందో వెనకో మన ప్రాంతపు ముద్ర చదవడానికి వీలుగా ఉంటే కవరు కవరుగానే ఉంటుంది. రెండు ముద్రలూ ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. బయల్దేరిన తేదీ ముందు, చేరిన తేదీ వెనక. రెంటి మధ్యా రోజులు లెక్కేస్తే ఎన్నాళ్ళు పట్టిందో తేలిపోతుంది. ఆ రోజుల్లో కాన్పూరు ఉత్తరం ఒక్కోటి నేనూహించినదానికన్నా తొందరగానే అంబాజీపేట చేరింది. ముద్రలో పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిదని తేదీ చెరిగిపోయినా చెప్పొచ్చు, పిన్ విధానం మొదలైంది ఆ రోజునే. అడ్రసులూ ముచ్చటగా ఉంటాయి. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా ‘మద్రాసు రాష్ట్రం’ అని రాస్తూ పోయిన గుమాస్తా ఒకాయన ఉన్నాడు. ఉత్తరాలు మాత్రం సరిగ్గానే చేరాయి.

ఇక నానబెట్టడం. గోరువెచ్చటి నీళ్ళు, వెడల్పాటి పళ్ళెం, ఒక్కసారికి ఓ గుప్పెడు. మా వైపు బోరు నీళ్ళు ఉప్పన, అందుకని తాగే నీళ్ళే వాడతాను. మా అత్తయ్యగారు దీనికి ఒప్పుకోవడానికి కొంత టైం పట్టింది. పావుగంట ఇరవై నిమిషాల్లో స్టాంపు దానంతటదే కాగితం వదిలి జారుతుంది. జారకపోతే లాగకూడదు, ఇంకాసేపు ఉంచాలి. మన దేశపు కవర్లతో ఓ తిరకాసుంది. స్టాంపు జిగురు మీద నమ్మకం లేక, పైన గోందో మైదా జిగురో దట్టించి అంటించేవాళ్ళు. దాన్ని రెండోసారి శుభ్రమైన నీళ్ళలో వేసి, వేలికొసతో వెనక పక్క మెల్లగా రుద్దితేగానీ పోదు.

రంగు కాగితాలు విడిగా పెట్టాలి. ఎర్ర కవర్లు అన్నిటికన్నా ప్రమాదం. ఆ తర్వాతి స్థానం మన శుభలేఖలదే. నాలుగు మూలలా పసుపు రాసి పంపుతాం కదా, నీళ్ళు తగలగానే ఆ పసుపు పళ్ళెమంతా పాకి తెల్ల స్టాంపులని పచ్చగా చేసేస్తుంది. శుభలేఖల్ని నేను నానబెట్టను, అంతే. ఈమధ్య కాలపు అమెరికా స్టికరు స్టాంపులు కూడా నీళ్ళకి లొంగవు, కాగితంతోనే నీటుగా కత్తిరించుకోవడం మేలు.

ఆరబెట్టడం మా డెల్టాలో పెద్ద టెన్షన్. శ్రావణ భాద్రపదాల్లో గాల్లోనే నీళ్ళుంటాయి. స్టాంపు పైకి ఆరినట్టే ఉండి లోపల చెమ్మ ఉంటుంది, ఆల్బమ్‌లో పెట్టిన కొన్నాళ్ళకి గోధుమరంగు చుక్కలు లేస్తాయి. తుప్పు పట్టిందంటాం. అది బూజు రకం, పక్క స్టాంపులకీ పాకుతుంది. అందుకే వానాకాలంలో నేను అసలు నానబెట్టను, వేరుచేయడం వరకే. సంక్రాంతి ముందూ వెనకా గాలి కాస్త పొడిగా ఉంటుంది, నా పళ్ళేలన్నీ అప్పుడే దిగుతాయి. పాత పంచె పరిచి బొమ్మ పక్క కిందికి పెట్టి ఆరనిస్తాను. ఫ్యాను వెయ్యకూడదని వేరే చెప్పాలా? కొంచెం తడి ఉండగానే పాత టెలిఫోన్ డైరెక్టరీ పేజీల మధ్య పెట్టి బరువు పెడితే చుట్టుకుపోకుండా ఉంటాయి. కొత్త న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుతుంది.

ఆరాక వేరుచేయడం. నాకు ఇదే అసలు పండగ. ముందు పెద్ద కుప్పలు: బ్రిటిష్ కాలం, అణాలు, నయాపైసలు, పైసలు, రూపాయలు. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. భారతదేశం మ్యాపు ఉన్న చిన్న స్టాంపులు అప్పటివే. వాటిలో 13 నయాపైసలది చూస్తే పిల్లలు నవ్వుతారు, 13 ఏంటండీ అని. రెండణాలంటే పన్నెండున్నర నయాపైసలు, అర లేదు కాబట్టి 13 అయింది.

మ్యాపు స్టాంపులు చౌక, ఎవరికీ అక్కర్లేదు, అందుకే ఎవరూ ఏరకుండా వదిలేస్తారు. కానీ ఒకే బొమ్మలో రెండు రకాలున్నాయి. మొదట్లోవి నక్షత్రాల వాటర్‌మార్క్ (కాగితంలోనే కలిసిపోయి ఉండే గుర్తు) ఉన్న కాగితం మీద వేశారు, తర్వాతివి అశోక స్తంభం వాటర్‌మార్క్ మీద. వెలుతురుకి పెడితే కొన్నిట్లో కనిపిస్తుంది. కనిపించకపోతే నల్లటి మూత మీద బోర్లా పెట్టి, లైటర్లో పోసే పెట్రోలు రెండు చుక్కలు వెయ్యాలి, కాసేపు గుర్తు నల్లగా తేలి ఆరిపోతుంది. ఇది ఆరుబయట, స్టవ్వుకీ అగరొత్తులకీ దూరంగా చేసే పని. ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో అచ్చేసిన కొన్ని స్టాంపుల రంగు పెట్రోలుకి కరుగుతుంది, వాటి మీద ప్రయోగాలొద్దు. వాటర్‌మార్క్ అయ్యాక అంచుల పళ్ళు లెక్కపెట్టడం. రెండు సెంటీమీటర్లలో ఎన్ని చిల్లులున్నాయన్నదే పెర్ఫొరేషన్ నంబరు. దానికి స్కేలు లాంటి గేజ్ దొరుకుతుంది. చత్వారం వచ్చినవాళ్ళకి భూతద్దం తప్పదు.

ఆ తర్వాతి సిరీస్ నాకు మరీ ఇష్టం. 1965 నుంచి వచ్చినవి: 15 పైసల మీద టీ ఆకు కోస్తున్న ఆవిడ, 20 పైసల మీద నాట్ అనే యుద్ధవిమానం, 70 పైసల మీద హంపీ రథం, 50 పైసల మీద మామిడిపండ్లు. ఆ మామిడి ఏ రకమన్నది మా ఇంట్లో తేలని గొడవ. మా ఆయన బంగినపల్లి అంటారు, మా అత్తయ్యగారు “ఆ ముక్కు చూడు, బంగినపల్లికి అలా ఉంటుందా?” అంటారు.

అంబాజీపేట లాటులో నాకు బాగా కలిసొచ్చింది 1971 నుంచి 1973 మధ్య కవర్లు. బంగ్లాదేశ్ యుద్ధానికి ముందు శరణార్థులు లక్షలుగా వచ్చినప్పుడు, 1971 నవంబరు 15 నుంచి ఉత్తరం మీద మామూలు స్టాంపుతోబాటు అయిదు పైసలు అదనంగా అంటించాలన్నారు. అప్పటికప్పుడు కొత్త స్టాంపు అచ్చు కాలేదు. కుటుంబ నియంత్రణ బొమ్మున్న అయిదు పైసల స్టాంపు మీదే ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని అదనంగా ముద్రించి వాడారు. అవీ చాలక కొన్ని ఊళ్ళలో స్థానికంగా రబ్బరు ముద్ర కొట్టి ఇచ్చారు. ఏ ఊళ్ళో కొట్టిందో చెప్పాలంటే స్టాంపు ఒక్కటీ ఉంటే చాలదు, కవరూ, దాని మీద ఊరి ముద్రా ఉండాలి. నీళ్ళలో వేసి ఊడదీస్తే అది ఏ ఊరిదో చెప్పలేని అయిదు పైసల ముక్క. పది పన్నెండు నగరాల నుంచి రోజూ టపా అందుకున్న కొబ్బరి వ్యాపారి తీగ కన్నా వీటికి మంచి చోటు నాకు తెలీదు. అన్నీ కవర్లతోనే ఉంచాను.

తెలుగువాళ్ళ స్టాంపులు లాట్లలో తక్కువగా తగులుతాయి. రోజువారీ వాడే డెఫినిటివ్‌లు ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ అచ్చేస్తారు. ఒకరి జ్ఞాపకార్థం వేసేవి ఒక్కసారి వేసి ఊరుకుంటారు. మన రాజమండ్రి కందుకూరి వీరేశలింగంగారిది 1974లో వచ్చింది, 25 పైసలు. అక్కడే పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారిది 1982లో. 1975లో హైదరాబాదు ప్రపంచ తెలుగు మహాసభలకి ఒకటి. ఈ మూడూ విడిగా కొంటే ఖరీదైనవేం కాదు. లాటులో తగిలితే ఆ ఆనందం వేరు. వీరేశలింగంగారు నాకు సగం మీద తీగ చిల్లుతో దొరికారు. అయినా తీసెయ్యలేదు.

నేను స్టాంపులు చూస్తానని తెలిసినవాళ్ళంతా అడిగేది యానాం గురించి. అక్కడ 1954 దాకా ఫ్రెంచివాళ్ళు ఉన్నారు కదా, ఆ స్టాంపులున్నాయా అని. ఫ్రెంచి ఇండియా స్టాంపులు, రూపాయలతోబాటు ఫనాములూ కాసుల లెక్కన రేట్లున్నవి, డీలర్ల దగ్గర దొరుకుతాయి. వాటి మీద యానాం ముద్ర పడినవి వేరే సంగతి. చిత్తుకాగితాల్లో నాకైతే ఇంతవరకు కనిపించలేదు.

వెతక్కుండా వచ్చినవి మస్కట్, కువైట్ కవర్లు. మా వీధి చివర పిన్నిగారు చాలా ఏళ్ళు మస్కట్‌లో ఇళ్ళలో పనిచేసి వచ్చారు. ఆవిడ రాసిన ఉత్తరాలన్నీ వాళ్ళమ్మగారు చక్కెర సంచిలో దాచారు. ఒకరోజు సంచి మొత్తం తెచ్చి “తీసుకోమ్మా, ఇంకెవరికి కావాలి” అన్నారు. కవర్లు మాత్రం తీసుకుని ఉత్తరాలు వరసలో పెట్టి ఆవిడకే ఇచ్చాను. అన్నిటి వెనకా ఒకే ముద్ర, మలికిపురం. ఇళ్ళలో గల్ఫ్ కవర్లు ఉన్నవాళ్ళు కోనసీమలో వేలమంది ఉంటారు. పాత డబ్బాలు దులిపినప్పుడు ముందు పోయేవి అవే.

డూప్లికేట్లు ట్యూషన్ పిల్లలకి పంచుతాను, మిగిలినవి మార్పిడికి. మార్పిడిలో నాకు మేచిన్లు ఇస్తానన్నవాళ్ళకి మర్యాదగా వద్దంటాను. కవర్లని జిప్ కవర్లలో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి, ఇనప్పెట్టెలో కాకుండా చెక్క బీరువా పై అరలో పెడతాను. కింది అర వరదకీ చెదకీ వదిలేశాను.

ఇప్పుడు నా దగ్గర వెనక ముద్రలతో రాజోలు, అమలాపురం, ముమ్మిడివరం, ద్రాక్షారామం, ఆచంట, పెనుగొండ ఉన్నాయి. అంతర్వేది సగం చెరిగింది ఒకటుంది. మొగల్తూరు లేదు, కోరంగి లేదు. ఆ వైపు ఎవరి అటక మీదైనా పాత ఉత్తరాల తీగలుంటే, స్టాంపుల కోసం పిల్లలు కత్తెర పట్టుకోకముందే నాకు చెప్పండి. లోపలి ఉత్తరాలు మీవే, వచ్చే దారి ఖర్చులు నావే.